పీత ఎర మాయం, రాస్ చేప మాత్రం పడదు: నా అనుభవం

రాస్ (wrasse) అంటే సముద్రపు రాళ్ల మధ్య తిరిగే చేప. దానికోసం రాళ్ల ఒడ్డు నుంచి పీత ఎర వేస్తే టకటకమని కొట్టడం, లాగితే ఖాళీ డిప్ప. గాలం సైజు, దారం, చోటు అన్నీ మార్చి చూశాను, దండగ.

చివరికి ఇలా చేశాను. ఆటు సమయంలో రాళ్లెత్తి (మళ్లీ అలాగే బోర్లించాను) బొటనవేలి గోరు కంటే కాస్త పెద్ద పీతల్ని ఏరి, తడి నాచులో ఉంచాను. పీతని చంపాక వెనక కాలు తుంచి, ఆ కన్నంలోంచే గాలం గుచ్చి, మొన డిప్పలోంచి పూర్తిగా బయటికి తెచ్చాను. ఇంతకుముందు మొన లోపలే దాచేవాణ్ణి!

మొదటి టకటకలకి చెయ్యి కదపలేదు. కర్ర కొన బరువుగా వంగాకే లాగి, చేప రాళ్ల సందులో దూరేలోపు గబగబా చుట్టాను. ఆ పూట నాలుగు పడ్డాయి. గుణం మొనదో, ఓపికదో చెప్పలేను. పెద్ద పీతలతో ఇంకా చూడలేదు.