ఓపల్ ముడిరాయి కొని సాన పట్టడం ఎలా?

మా రాళ్ళ క్లబ్బుకు కొత్తగా వచ్చేవాళ్ళలో చాలామంది ముందు జేబులోంచి ఒక చిన్న పొట్లం తీస్తారు. విప్పితే అందులో పాలిపోయిన తెల్లరాయి ఒకటి ఉంటుంది. "నిన్నటిదాకా దీంట్లో ఎరుపు ఉండేదండీ, అరగదీస్తుంటే పోయింది" అంటారు. అందులో మిల్లీమీటరు మందం కూడా లేని రంగు పొర ఒకటి ఉండేది, దాన్ని గరుకు చక్రం నిమిషంలో తినేసింది, జరిగింది అంతే. ఇలాంటి పొట్లాలు చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను. నేను ఉండేది అడిలైడ్‌లో. తొమ్మిదేళ్ళుగా శని, ఆదివారాలు ఈ పని మీదే గడుస్తున్నాయి. నేను చేసేవి ఎక్కువగా కూబర్ పీడీ (దక్షిణ ఆస్ట్రేలియాలో ఓపల్ గనులున్న ఊరు) రాళ్ళు కాబట్టి చెప్పేది కూడా వాటిని దృష్టిలో పెట్టుకునే.

ముందు రాయిని గుర్తుపట్టండి

మనవాళ్ళకు ఓపల్ అంటే శుక్రుడి రాయి, వజ్రం కొనలేనివాళ్ళు పెట్టుకునేది. నిజానికి అది సిలికా, కొంచెం నీరు, అంతే. కంటికి కనబడనంత చిన్న సిలికా గోళీలు, సుమారు 150 నుంచి 300 నానోమీటర్ల సైజులో, బత్తాయిలు పేర్చినట్టు వరుసగా ఉంటే వెలుగు చీలి రంగులు వస్తాయి. 1960లలో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద దీన్ని చూశారు. గోళీలు చిన్నవైతే నీలం, పెద్దవైతే ఎరుపు. పెద్దవి అంత చక్కగా పేర్చుకోవడం అరుదు కాబట్టే ఎరుపుకు ధర ఎక్కువ. అదే సిలికా వరుస లేకుండా గడ్డకడితే రంగు ఉండదు, దాన్ని ఇక్కడ పాచ్ అంటారు.

కూబర్ పీడీ రాయి ఒళ్ళు లేత రంగులో ఉంటుంది. 1915లో విల్లీ హచిసన్ అనే కుర్రాడి కంటబడింది. న్యూ సౌత్ వేల్స్‌లోని లైట్నింగ్ రిడ్జ్‌ది నల్లది. క్వీన్స్‌లాండ్‌ది ఇనుపరాయికి అంటుకుని వస్తుంది, బౌల్డర్ ఓపల్ అంటారు. 2008 నుంచి ఇథియోపియాలోని వెలో రాళ్ళు మార్కెట్లోకి వచ్చాయి. ఇవాళ మన దేశంలో తక్కువ ధరకు దొరికేవాటిలో చాలా భాగం ఇవే, జైపూర్‌లో సాన పట్టించినవి. ఇవీ అసలైన ఓపల్సే, కానీ చాలావరకు నీళ్ళు పీలుస్తాయి. గ్లాసు నీళ్ళలో కాసేపు ఉంచితే గాజులా అయిపోయి రంగు వెనక్కి తగ్గుతుంది, ఆరాక మళ్ళీ వస్తుంది. నూనె, పసుపు, కుంకుమ కూడా అలాగే పీల్చుకుంటాయి, ఆ మరకలు మాత్రం అంత తేలిగ్గా పోవు. ఉంగరం పెట్టుకుని వంట చేసేవాళ్ళకు ఈ సంగతి చెప్పకుండా అమ్మడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

అతుకు రాళ్ళు ఇంకో రకం. పలచని ఓపల్ పొర కింద నల్లరాయి అంటిస్తే డబ్లెట్, పైన గాజు లేదా స్ఫటికం టోపీ కూడా పెడితే ట్రిప్లెట్. రాయిని పక్కనుంచి చూడండి. గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటే అనుమానించండి. బౌల్డర్ రాయిలో సహజంగా ఉండే గీత ఎగుడుదిగుడుగా ఉంటుంది. వెనకవైపు మూసేసి బిగించిన నగలో ఇది కనబడదు, అందుకే అలా బిగించినది నేను కొనను. ల్యాబ్‌లో చేసినదైతే భూతద్దం కింద రంగు మచ్చలు బల్లి చర్మంలా గళ్ళు గళ్ళుగా కనిపిస్తాయి.

కొనేటప్పుడు

ధర తేల్చేది మొదట మెరుపు. రంగు ఏదన్నది దాని తర్వాతే. మసక ఎరుపు కన్నా కళ్ళు చెదిరే ఆకుపచ్చ మేలు, ఎవరేమన్నా నేను ఈ మాట మార్చను. తర్వాత ఒంటి రంగు, అంటే మెరిసే రంగుల వెనక రాయి ఎంత నలుపో, ఎంత లేతో: ఎన్1 నుంచి ఎన్9 దాకా కొలత ఉంది, ఎన్4 దాకా నల్లది, ఎన్7 నుంచి లేతది. నల్లటి ఒంటి మీద రంగు ఎగసి కనబడుతుంది, అందుకే లైట్నింగ్ రిడ్జ్ రాళ్ళకు ఆ ధరలు. ఆ తర్వాత రంగు మచ్చల తీరు, మందం, లోపాలు.

ముడిరాళ్ళను అమ్మేవాళ్ళు సీసాలో నీళ్ళు పోసి ఉంచుతారు. నీళ్ళలో ప్రతి రాయీ అందంగానే ఉంటుంది, గరుకు పైపొర కనబడదు, సన్నటి పగుళ్ళు కనబడవు. తీయించండి, గుడ్డతో తుడిచి పది నిమిషాలు ఆరనివ్వండి. తర్వాత వెనక టార్చి పెట్టి చూడండి. సాలెగూడు లాంటి పగుళ్ళు కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా వద్దు, అలాంటి రాయి సాన మీద విడిపోతుంది. షాపులో లైట్లు ఓపల్‌కు అనుకూలంగా పెడతారు కాబట్టి బయట నీడలోకి తీసుకెళ్ళి చూడండి. అందుకు ఒప్పుకోకపోతే వచ్చేయండి.

10 గ్రాముల ముడిరాయి కొంటే నాకు చివరికి చేతిలో మిగిలేది 2 గ్రాములు, అంటే 10 క్యారట్లు, మించదు. బేరం ఆ 2 గ్రాముల లెక్కన ఆడండి. మొదటి ఏడాది ఖరీదైనవి కొనకండి.

పనిముట్లు

220, 600, 1200, 3000 వజ్రపు చక్రాలున్న మెషీను (అంకె పెరిగేకొద్దీ చక్రం నునుపు), చివర్లో మెరుగు పెట్టడానికి తోలు మీద సీరియం ఆక్సైడ్ పొడి, 10 రెట్ల భూతద్దం, ఒంటి బల్బు దీపం. మెషీను కొనకండి, క్లబ్బులో వాడుకోండి. చక్రం మీద నీళ్ళు ఎప్పుడూ పారుతూ ఉండాలి, మూతికి ఎన్95 మాస్కు ఉండాలి. పొడిగా అరగదీస్తే లేచే సిలికా ధూళి ఊపిరితిత్తులను పాడు చేస్తుంది, పాడైనవి బాగుపడవు. వీడియోల్లో చేతి డ్రిల్లుతో వంటింటి గట్టు మీద చేసేవాళ్ళను చూసి నేర్చుకోకండి.

రంగు పొరను వెతకడం

ఇక్కడ తొందరపడితే మిగతాదంతా వృథా, కాబట్టి దీనికి ఒక సాయంత్రం మొత్తం పెట్టుకోండి.

కూబర్ పీడీ రాయి భూమిలో పలకలా పడుంటుంది, రంగు సాధారణంగా ఆ పలకకు సమాంతరంగా ఒక పొరలా సాగుతుంది, కింద, మీద పాచ్. రాయిని తడిపి దీపం కింద నెమ్మదిగా తిప్పండి. అంచు మీద రంగు గీత కనబడుతుంది. అక్కడే చాలామంది మోసపోతారు. అంచు నుంచి చూస్తే పొర పొడవునా ఉన్న రంగంతా ఒక్కచోటికి పోగుపడి బ్రహ్మాండంగా మెరుస్తుంది, పైనుంచి చూస్తే అందులో సగం కూడా ఉండకపోవచ్చు. ఉంగరంలో అందరూ చూసేది పైనుంచి. అంచు చూసి మురిసిపోయి కొన్న రాళ్ళు నా డబ్బాలో ఇప్పటికీ ఉన్నాయి.

గీతను పెన్సిల్‌తో చుట్టూ గుర్తు పెట్టుకోండి. తర్వాత 600 చక్రం మీద, 220 మీద కాదు, రాయి చుట్టూ అంచును మాత్రమే కాస్త శుభ్రం చేయండి. మట్టి, ఇసుక పోయి లోపల పొర ఎలా నడుస్తోందో కిటికీలోంచి చూసినట్టు తెలుస్తుంది. ఒకవైపు మందంగా, ఇంకోవైపు దారమంత సన్నగా ఉండొచ్చు. తిన్నగా ఉండకపోవచ్చు, మధ్యలో పొలం గట్టులా పైకి లేచి దిగొచ్చు. రెండు పొరలుంటే ఏది ఉంచాలో ఇప్పుడే తేల్చుకోండి. నేనైతే మెరుపు ఎక్కువున్నదాన్ని ఉంచుతాను, మందం చూసి మోసపోను.

ఇప్పుడు పైనుంచి దిగాలి. రాయిని పుల్లకు అంటించకండి, వేళ్ళతోనే పట్టుకోండి. వేడెక్కితే వేలికి ముందే తెలుస్తుంది, ఓపల్ పగిలేది ఎక్కువగా వేడికే. చక్రానికి మూడుసార్లు తాకించండి, కడగండి, దీపం కింద చూడండి. మళ్ళీ మూడుసార్లు. నేను నోటితో లెక్కపెడతాను, లెక్క తప్పితే ఆపేస్తాను. పైన పాచ్ పలచబడేకొద్దీ పాల తెలుపు పోయి లోపలి నుంచి కాస్త నీలి ఛాయ వస్తుంది, ఆ తర్వాత తడి బట్ట కింద దీపం పెట్టినట్టు రంగు మసగ్గా కదులుతుంది. అది కనబడిన క్షణంలో 600 వదిలేసి 1200కి మారండి. మసక పోయి రంగు అంచులు తేటగా కనిపిస్తే ఆపేయండి. "ఇంకొక్కసారి తాకిస్తే ఇంకా బాగుంటుంది" అనిపిస్తుంది. నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. చింతగింజంత రాయి, ఆకుపచ్చలో ఎర్రటి మెరుపులు, దాన్ని ఆ ఒక్కసారి తాకించినందుకే పోగొట్టుకున్నాను. మధ్యలో సూదిమొనంత బూడిదరంగు చుక్క తేలింది, పై పాచ్ అనుకుని ఇంకాస్త తీశాను. అది కింది పాచ్. పొర అప్పటికే అయిపోయింది.

ఇసుక రేణువు కనిపిస్తే దాన్ని తవ్వుకుంటూ వెళ్ళకండి. అది కిందిదాకా ఉండొచ్చు, రంగు మాత్రం అంత లోతు లేదు. రేణువును అంచుకు వచ్చేలా రాయి ఆకారం మార్చుకోండి, లేదా రెండు చిన్న రాళ్ళు చేసుకోండి.

వంపు గురించి ఒక మాట. నగల షాపుల్లో ఎత్తయిన గుండ్రటి రాళ్ళు చూసి అందరూ అలాగే చేయబోతారు. పొర పలచగా, తిన్నగా ఉన్నప్పుడు ఎత్తు వంపు పెడితే అంచుల్లో రంగంతా కోసేసినట్టే, నడిమధ్య బొట్టంత మిగులుతుంది. పొర పలచనైతే వంపు కూడా పలచనే. పొరే వంగి ఉంటే మీరూ దాని వెంటే వంగండి, ఆకారం కాస్త వంకరైనా పర్వాలేదు. కొలతకు సరిపోయే అండాకారం కోసం రంగును బలి ఇవ్వడం నేను ఒప్పుకోను. వెనకవైపు పాచ్‌ను కొంచెం ఉంచండి, రాయికి బలం అదే.

మిగతాది

పై ముఖం తేలాక ఒక మేకు తల మీద సూపర్ గ్లూ చుక్క వేసి రాయి వెనకభాగాన్ని అంటించండి. లక్క కరిగించి అంటించే పాత పద్ధతిలో రాయికి వేడి తగులుతుంది, నేను వాడను. నీళ్ళు పీల్చే ఇథియోపియా రాయికి మాత్రం ఈ జిగురు పనికిరాదు, లోపలికి దిగిపోతుంది. 1200, 3000, చివరికి తోలు మీద సీరియం. గీతలు కనబడితే ఒక చక్రం వెనక్కి వెళ్ళండి. అసిటోన్‌లో నానబెడితే రాయి ఊడి వస్తుంది.

వెంటనే ఉంగరంలో బిగించకండి, అమ్మకండి. దూది మీద పెట్టి, తేదీ రాసిన చీటీతో, అలమరాలో ఆరు నెలలు ఉంచండి. నీళ్ళలోనో నూనెలోనో వేయొద్దు. నెలకోసారి వెనక టార్చి పెట్టి పగుళ్ళేమైనా వస్తున్నాయేమో చూడండి.