సువార్త ప్రకారం నడవడం – 4వ పాఠం: కానుక అక్కడే వదిలి వెళ్లడం

పోయిన పాఠంలో కోపం గురించి చదువుతూ మత్తయి 5:22 దగ్గర ఆగాం. ఆ వారం అభ్యాసం చేసినవాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. మనకు ఎవరి మీద కోపం ఉందో రాయమంటే పేజీ నిండిపోతుంది. మన మీద ఎవరికి ఉందో రాయమంటే పెన్ను కదలదు. ఈ వారం పని ఆ రెండో పేజీతోనే.

23, 24 వచనాలు పైకి, నెమ్మదిగా మూడుసార్లు చదవండి. బలిపీఠం దగ్గర అర్పణ ఇస్తుండగా నీ సహోదరునికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి, మొదట వెళ్లి అతనితో సమాధానపడమని యేసు చెప్పిన మాటలవి. “నీమీద నీ సహోదరునికి విరోధమేమైనను కలదని” అని ఉంది. నీకు అతని మీద ఉంటే అని కాదు. నేను చాలా ఏళ్లు దీన్ని తిరగేసి చదివాను. నన్ను బాధపెట్టినవాళ్లను ప్రార్థనలో క్షమించేసి, ఈ వచనం పాటించాననే అనుకున్నాను. అది కూడా మంచి పనే, కానీ ఇక్కడ చెప్పింది అది కాదు. ఇక్కడ లేచి వెళ్లాల్సింది బాధపెట్టినవాళ్లు.

ఈ మాట విన్నవాళ్లలో చాలామంది గలిలయవాళ్లు. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. కపెర్నహూము నుంచి అక్కడికి వంద కిలోమీటర్లకు పైనే, నడిచి వెళ్తే మూడు రోజులకు తక్కువ కాదు. అంత దూరం అర్పణతో వెళ్లినవాడు దాన్ని అక్కడే వదిలేసి, ఊరికి నడిచి వచ్చి, అన్నతో సమాధానపడి, మళ్లీ వెళ్లాలి. వారం దాటిపోతుంది. “మొదట వెళ్లి” అన్న మాట బరువు వాళ్లకు కాళ్ల నొప్పులతో సహా అర్థమై ఉంటుంది. మనకైతే ఆ మనిషి తరచుగా పక్క వీధిలోనే ఉంటారు.

నా సంగతి చెబుతాను. మా అత్తయ్య జ్ఞాపకార్థ కూడికలో, బంధువులంతా భోజనాలు చేస్తుండగా, మా తోటికోడలిని “చివరి నెలల్లో నువ్వు చూసిందేముందక్కా” అన్నాను. ఆమె ఎందుకు రాలేకపోయిందో నాకు తెలుసు. తెలిసే అన్నాను. తర్వాత రెండేళ్లు ఇద్దరం ఒకే సంఘంలో, ఒకే వరుసలో కూర్చున్నాం. ముఖం చూడకుండానే వందనాలు చెప్పుకునేవాళ్లం. ఒక ఆదివారం, యేసు మరణాన్ని జ్ఞాపకం చేసుకునే ప్రభు బల్ల దగ్గర రొట్టె పళ్లెం ఆమె చేతుల్లోంచి నా చేతుల్లోకి వచ్చింది. ఇద్దరం పళ్లెం వైపే చూశాం. నేను తీసుకోకుండా పక్కవాళ్లకు ఇచ్చేశాను.

ఆ సాయంత్రమే వెళ్లాను. ఆమె గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నిలబడే చెప్పాను: “అక్కా, అత్తయ్య కూడికలో అందరి ముందు నిన్ను ఆ మాట అన్నాను. అది అన్యాయమని తెలిసే అన్నాను. నన్ను క్షమించు.” ఆమె తలెత్తలేదు. నాలుగైదు కాయలు తీశాక, “అప్పుడు మా పిల్లలు పక్కనే ఉన్నారు” అంది. అది నాకు తెలియదు. ఏదో చెప్పబోయి ఆగాను. చాలాసేపటికి, “కూర్చో” అంది.

ఇక నేర్చుకోవాల్సిన పనికి వద్దాం. వెళ్లడం కన్నా కష్టమైనది ఆ ఒక్క వాక్యం. లూకా 15లో, తండ్రి ఆస్తిలో తన వాటా తీసుకుపోయి పాడుచేసుకున్న చిన్న కొడుకు ఇంటికి బయల్దేరకముందే తన వాక్యం సిద్ధం చేసుకున్నాడు (18, 19 వచనాలు). అందులో కరువు ఊసు లేదు, స్నేహితుల ఊసు లేదు, “పాపము చేసితిని” అని ఉంది. మీ వాక్యం కూడా ముందే కాగితం మీద రాయండి. రాశాక “ఒకవేళ”, “అయినా”, “గానీ” ఎక్కడున్నాయో చూసి కొట్టేయండి. “ఒకవేళ నా మాట వల్ల బాధ కలిగి ఉంటే” అన్నది క్షమాపణ కాదు, అనుమానం. ఏమన్నారో, ఏం చేశారో ఆ పనినే పేరు పెట్టి చెప్పండి. మొదట నా కాగితం మీద “నేను కూడా అలిసిపోయి ఉన్నాను గానీ” అని ఉంది. అది కొట్టేయడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది. చిన్న కొడుకు దాచుకున్న చివరి మాట, కూలివాడిగా పెట్టుకోమన్నది, తండ్రి చెప్పనివ్వనే లేదు. మనకు అలాంటి తండ్రి ఎదురు రాకపోవచ్చు. అవతలివాళ్లు తిట్టినా ఆ రోజు వినడమే మన వంతు.

వాట్సాప్‌లో సారీ పంపి ముగించకండి. పాస్టరు గారిని ముందు పంపకండి, మీరే వెళ్లండి. గుమ్మం దాకా వెళ్లేసరికి టెన్షన్ ఉంటుంది, అది మామూలే. పదిమంది ముందు అన్న మాటైతే, తర్వాత విన్నవాళ్లకు కూడా చెప్పాలి. మరుసటి వారం నేను ఆ పిల్లలిద్దరికీ చెప్పాను. నాకు అది ఇంకా కష్టమైంది.

విషయం డబ్బయితే డబ్బు తీసుకునే వెళ్లండి. లేవీయకాండము 6లో అసలుకు ఐదో వంతు కలిపి ఇచ్చాకే అపరాధ పరిహారార్థబలి. లూకా 19లో సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు.

ఒక్క హెచ్చరిక, దయచేసి దాటేయకండి. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీకి ఈ పాఠం చూపించి “నువ్వే వెళ్లి సమాధానపడు” అనకూడదు. వచనం వెళ్లమన్నది గాయం చేసినవాణ్ణి. ఆమెకు ముందు కావలసింది రక్షణ, అండగా నిలబడే మనుషులు.

వెళ్లినా తలుపు తీయకపోతే? రోమా 12:18లో “శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానముగా ఉండుడి” అని పౌలు రాశాడు. తలుపు తట్టడం వరకు మన చేతిలో ఉంది.

ఈ వారం అభ్యాసం: రెండో పేజీలో ఒక్క పేరు రాయండి. మంగళవారానికి వాక్యం రాసి, కొట్టివేతలు పూర్తి చేయండి. శనివారం లోపు వెళ్లండి. ఏం జరిగిందో రెండు లైన్లు రాసి పెట్టుకోండి, 5వ పాఠం మత్తయి 5:37లోని “అవునంటే అవును”తో మొదలైనప్పుడు అవి కావాలి.