పోపుగారి ఎన్నికను గమనించడం ఎలా?

కొత్త పోపుగారి ఎన్నిక వచ్చిందంటే మా విచారణ (పారిష్) యువతకు నేను ముందుగా చెప్పేది ఒక్కటే: జోస్యాల జోలికి పోవద్దు. ఇది పందెం కాదు, ప్రార్థన. 2025 మే నెలలో టీవీలు వల్లించిన పేర్లలో చివరకు 14వ లియో పోపుగా ఎన్నికైన రాబర్ట్ ప్రివోస్ట్ పేరు ముందు వరసలో లేనే లేదు.

సమయం లెక్క చూసుకోండి. వేసవిలో రోము మనకంటే మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. తొలి సాయంత్రం ఒక్కసారే ఓటింగు, మర్నాటి నుంచి పూటకు రెండేసి సార్లు. ఓటు చీటీలు కాల్చినప్పుడు నల్లపొగ వస్తే ఎవరూ ఎన్నిక కాలేదని, తెల్లపొగ వస్తే ఎన్నిక ముగిసిందని అర్థం. మే 7న నల్లపొగ వచ్చేసరికి మనకు అర్ధరాత్రి దాటింది; 8న రాత్రి తొమ్మిదిన్నర దాటాక తెల్లపొగ.

పొగ కంటే లోపలి తంతు తెలుసుకోవడం ముఖ్యం. ఆ ఎన్నికలో ఓటు వేసింది 133 మంది కార్డినళ్లు (పోపును ఎన్నుకునే ఉన్నత గురువులు), కావలసినవి 89 ఓట్లు. తెలుగువారిలో తొలి కార్డినల్, హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీగారూ వారిలో ఉన్నారు. ఒక్కొక్కరూ మడిచిన చీటీని అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకుని సిస్టీన్ ప్రార్థనాలయంలోని బలిపీఠం దగ్గరికి నడుస్తారు. ఎదురుగా గోడంతా మైకెలాంజెలో గీసిన కడతీర్పు చిత్రం. అక్కడ నిలబడి, తనకు తీర్పు తీర్చబోయే క్రీస్తు ప్రభువే సాక్షి అని ప్రమాణం చేసి ఓటు వేస్తారు. లెక్కింపులో చివరి పరిశీలకుడు పేరును బిగ్గరగా చదివి, ‘ఎలీగో’ (లాటిన్‌లో ‘ఎన్నుకుంటున్నాను’) అన్న మాట దగ్గర చీటీని సూదితో గుచ్చి దారానికి ఎక్కిస్తాడు. చివరకు ఆ దండ పొయ్యిలోకి వెళుతుంది. ఇది తెలిశాక పొగను చూసే చూపే మారుతుంది.

తెల్లపొగ తర్వాత కొత్త పోపుగారి పేరు ప్రకటించడానికి గంటకు పైగా పట్టవచ్చు. టీవీ గొంతు తగ్గించి జపమాల చెప్పుకోండి. లాటిన్ ప్రకటనలో ముందు జ్ఞానస్నానపు పేరు, తర్వాత ఇంటిపేరు, చివర పోపుగా ఎంచుకున్న పేరు వినిపిస్తాయి.

ఇక కొత్త పోపుగారి మాటలు రాసుకోవడానికి నోటుపుస్తకం తీయండి. 14వ లియో తొలి పలుకు: “మీ అందరికీ శాంతి కలుగునుగాక.” ఉత్థాన క్రీస్తు పలికిన మాటే. మధ్యలో స్పానిష్‌లోకి మారి, పెరూలో తాను పీఠాధిపతిగా ఉన్న చిక్లాయో ప్రజలను పలకరించారు. రెండు రోజులకు పేరు వెనుక కారణం చెప్పారు: 1891లో కార్మికుల పక్షాన లేఖ రాసిన 13వ లియో పోపుగారు. ఇప్పుడు కృత్రిమ మేధ కాలంలోనూ శ్రమ గౌరవాన్ని కాపాడాలన్నది ఆయన ఉద్దేశం.

ఆయన పదవీ ప్రారంభపు మే 18 దివ్యబలిపూజను తప్పక పూర్తిగా చూడండి. పోపు పదవికి గుర్తైన ఉంగరం తొడిగాక ఆయన తన చేతినే చూసుకుంటూ కన్నీళ్లు ఆపుకొన్నారు. తర్వాత అక్టోబరులో వెలువడిన ‘దిలెక్సీ తే’ అనే ప్రబోధ పత్రం చదవండి. పేదల గురించి అంతకుముందు పోపు ఫ్రాన్సిస్‌గారు మొదలుపెట్టిన రచనను ఈయన పూర్తిచేశారు.