ముందు కొలవండి, తర్వాతే సస్పెన్షన్ ముట్టుకోండి

నల్గొండలో రాత్రిపూట అసెట్టో కోర్సా అనే కార్ రేసింగ్ గేమ్ ఆడే పోరలందరిదీ ఒకటే రంది: సెటప్‌లో, అంటే కారు సర్దుబాట్లలో, అన్నీ తిప్పి చూసినా కారు మలుపులో మాట వినదు. వినదు మరి, ఎందుకంటే అందరూ ల్యాప్ టైమ్ (ట్రాక్ ఒక చుట్టుకు పట్టే సమయం) చూసి సెటప్ మారుస్తారు. ల్యాప్ టైమ్‌లో మీ బ్రేకింగ్, లైన్, టైర్ వేడి, ఆడగా ఆడగా చేయి కుదరడం అన్నీ కలిసి ఉంటాయి, అందులోంచి సస్పెన్షన్ (చక్రాల మీద కారును మోసే స్ప్రింగులు, వాటి జోడు భాగాలు) వాటా ఎంతో విడదీయడం ఎవరి తరమూ కాదు.

కొలవాలంటే స్కిడ్‌ప్యాడ్ ట్రాక్, అంటే గుండ్రటి గీతలున్న చదును మైదానం, దించుకోండి. కారు జారకుండా తానే ఆపుకునే ట్రాక్షన్ కంట్రోల్, స్టెబిలిటీ అసిస్ట్ రెండూ ఆపేసి, 30 మీటర్ల వ్యాసార్థం ఉన్న గీత మీద తిప్పుతూ మెల్లగా స్పీడ్ పెంచండి. గీత వదలకుండా తిరగగలిగిన వాటిలో అన్నిటికన్నా వేగమైన చుట్టు టైమ్ రాసుకోండి. 11 సెకన్లు పడితే కారు పక్కవాటు పట్టు దాదాపు 1 జీ (జీ అంటే భూమి ఆకర్షణ త్వరణంతో కొలత), 12 పడితే 0.84. వేరే సైజు గీత అయితే మీటర్లలో వ్యాసార్థాన్ని 39.5తో గుణించి, సెకన్ల వర్గంతో, ఆ తర్వాత 9.81తో భాగిస్తే సరి. కుడికీ ఎడమకీ తిప్పి సగటు తీయండి, పెట్రోల్ ప్రతిసారీ అంతే ఉండాలి. అంకెలు కాగితం మీదే రాయండి, ఎండాకాలం మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కదా.

స్పీడ్ పెరిగేకొద్దీ స్టీరింగ్ ఇంకా ఇంకా తిప్పాల్సి వస్తోంది

ఇది అండర్‌స్టీర్, అంటే ముందు టైర్లు ముందుగా పట్టు వదలడం. మిర్యాలగూడ మిల్లుకు వడ్ల లోడుతో పోయే ట్రాక్టర్ మలుపు తిరిగితే బరువు బయటి టైర్ల మీదికి ఒరుగుతుంది చూడండి, కారులోనూ అంతే. మొత్తం ఎంత ఒరగాలో కారు బరువు, ఎత్తు, వెడల్పు, మలుపు వేగం తేలుస్తాయి, స్ప్రింగులతో దాన్ని పెద్దగా తగ్గించలేం. అందులో ముందుకెంత, వెనక్కెంత అన్నది మాత్రం స్ప్రింగులు, యాంటీ రోల్ బార్ల (కారు పక్కకు ఒరగకుండా ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీలు) చేతిలో ఉంది. టైర్ మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, తక్కువే పెరుగుతుంది. అందుకే ఒరిగే బరువులో ముందు వాటా తగ్గేలా ముందు బార్ ఒక్క క్లిక్ మెత్తబరిచి మళ్లీ తిప్పండి. జీ పెరిగితే దారి సరైనదే. జీ అట్లనే ఉండి స్టీరింగ్ కోణం మాత్రం తగ్గితే బ్యాలెన్స్ మారిందన్నట్టు, పట్టు పెరగలేదు. అప్పుడు క్యాంబర్ (చక్రం లోపలికి, బయటికి వాలిన కోణం), టైర్ గాలి చూడండి: టైర్ నడుమ భాగం అంచుల కన్నా వేడిగా ఉంటే గాలి ఎక్కువైనట్టే.

స్పీడ్ పెరుగుతుంటే స్టీరింగ్ తగ్గించాల్సి వస్తే అది ఓవర్‌స్టీర్, అంటే వెనక టైర్లు ముందుగా పట్టు వదలడం. బార్ పని ఉల్టా చేయండి: ముందు బార్ ఒక క్లిక్ గట్టిపరచండి.

చుట్టులో బాగుంది, మలుపులోకి దూరేటప్పుడే వెనక జారుతోంది

ఒకే స్పీడ్‌లో గుండ్రంగా తిరుగుతుంటే డ్యాంపర్లకు (స్ప్రింగు ఊగుడును అదుపు చేసే షాక్ అబ్జార్బర్లు) పనే ఉండదు, కాబట్టి ఈ జబ్బు స్కిడ్‌ప్యాడ్‌లో దొరకదు. కోన్ల మధ్య అటూ ఇటూ తిప్పుతూ పోండి. బ్రేక్ తాకకుండానే వెనక జారితే వెనక డ్యాంపర్ రీబౌండ్ (స్ప్రింగు తిరిగి చాచుకునేటప్పటి బిగువు) కొంచెం తగ్గించండి. బ్రేక్ పట్టుకొని తిప్పినప్పుడే జారితే డ్యాంపర్ జోలికి పోవద్దు, బ్రేక్ బయాస్ (బ్రేక్ బలం ముందు, వెనక చక్రాలకు పంచే వాటా) ఒక శాతం ముందుకు జరపండి.

స్పీడ్ మలుపుల్లో మాత్రమే ముందు జారుతోంది

ఇది వింగ్ (గాలితో కారును కిందికి నొక్కే రెక్క) పని. గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది, గంటకు 60 కిలోమీటర్లలో ఉన్నదానికి 120లో నాలుగింతలు. వెనక వింగ్ ఒక మెట్టు తగ్గించండి, బార్లను కదపకండి.

మలుపు నడుమ దాకా బాగుండి, ఒక్కసారిగా వదిలేస్తోంది

మస్తుమంది పరేషాన్ అయ్యేది ఇక్కడే. టైర్ బాలేదనుకుంటారు, సెటప్ మొత్తం మార్చేస్తారు. టెలిమెట్రీలో (కారు కొలతల రికార్డు) సస్పెన్షన్ ట్రావెల్, అంటే స్ప్రింగ్ ప్రయాణం, గ్రాఫ్ తెరవండి, ఇదే గేమ్ కుటుంబంలోని కాంపిటీజియోన్ ఆడేవాళ్లకు మోటెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కనబడుతుంది. బయటి చక్రం గీత పైకి ఎక్కుతూ పోయి, సరిగ్గా కారు జారిన చోట కోసినట్టు చదునైపోతే స్ప్రింగ్ ప్రయాణం అయిపోయి బంప్‌స్టాప్‌కు (ప్రయాణం చివర ఆపే అడ్డు) తగిలిందన్నమాట. ఆ క్షణంలో ఆ మూల రాయిలా గట్టిపడి, బరువంతా ఆ ఒక్క టైర్ మీదే పడుతుంది. ముందు చక్రమైతే ముందు జారుతుంది, వెనకదైతే కారు గిర్రున తిరుగుతుంది. ముందైతే ముందు, వెనకైతే వెనక రైడ్ హైట్ (నేల నుంచి కారు ఎత్తు) 3 నుంచి 5 మిల్లీమీటర్లు లేపి, అదే మలుపులో అదే గ్రాఫ్ మళ్లీ చూడండి. అప్పటికీ చదునుగానే ఉంటే స్ప్రింగ్ ఒక మెట్టు గట్టిది వేయండి, ఆ తర్వాత బార్లను మళ్లీ స్కిడ్‌ప్యాడ్‌లో సరిచూసుకోవాల్సిందే.