గాలం పాఠాలు – 3: మానేరులో చోటు పట్టడం

పోయిన పాఠంలో గాలం కట్టడం, బెండు సరిచూడడం అయిపోయింది. ఈసారి గాలం ఇంట్లోనే ఉండనీయండి. చూపుకే పని.

కరీంనగర్ దగ్గర దిగువ మానేరు డ్యాం కింది నుంచి మంథని వైపు గోదావరిలో కలిసేదాకా, వానలు వెనకబట్టాక మానేరు చాలా చోట్ల ఉత్త ఇసుక. పిక్కల లోతు నీళ్లలో పొద్దంతా కూర్చున్నా పడేది చిన్న పరక చేపలే. పెద్ద చేప మడుగుల్లోకో, చెక్‌డ్యాం వెనక నిలిచిన నీళ్లలోకో జారుకుంటుంది.

మడుగు జాడ ఒడ్డు మీదే దొరుకుతుంది. ఏరు వంపు తిరిగిన చోట ప్రవాహం బయటి ఒడ్డును కోస్తుంది, లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తుంది. మేట మీద నిలబడి ఎదుటి ఒడ్డు చూడండి. మట్టి నిలువునా తెగి, చెట్ల వేళ్లు బయటికి వేలాడుతుంటే లోతు ఆ కిందే.

ఇక కొలవాలి. పన్నెండడుగుల వెదురు బొంగు కొసకు తీగతో చిన్న ఉంగరం చుట్టండి. అందులోంచి దారం దూర్చి, 50 గ్రాముల సీసం గుండు కట్టండి. దారానికి మూరకో ముడి. గుండు అడుగున చిన్న గుంట తొలిచి మెత్తటి బట్టల సబ్బు కూరండి. గుండు నేల తాకగానే దారం వదులవుతుంది. అక్కడి నుంచి గుండు నీటి పైకి వచ్చేదాకా చేతికి ఎన్ని ముడులు వస్తే అన్ని మూరల లోతు. విసిరి కొలవొద్దు. దారం ఏటవాలుగా పోయి లేని లోతు చూపిస్తుంది.

సబ్బుకు ఏమంటిందో చూడండి. ఇసుక రేణువులే అయితే ముందుకు నడవండి. నల్లటి ఒండ్రు అంటితే అక్కడ పురుగూ పుట్రా ఉంటుంది, రవ్వ చేప తిరుగుతుంది. ఏమీ అంటకుండా సబ్బు నలిగితే బండ; జెల్లలకు అది ఇల్లు. అన్నిటికంటే లోతైన చోటే మంచిదనుకోవడం కొత్తవాళ్ల పొరపాటు. రెండు మూరలు ఉన్నట్టుండి నాలుగయ్యే అంచు చూసుకోండి. కొట్టుకొచ్చిన తిండి అక్కడ ఆగుతుంది.

నీటి బుడగలు కూడా తెలివిగా చదవాలి. ఒకేచోట ఆగాగి పైకొచ్చేవి బురదలోని గాలి. సన్నగా, గుంపుగా, నెమ్మదిగా జరుగుతూ వచ్చేవి అడుగు తవ్వుతున్న చేపవి. తుంగ పక్కన ఎర్రటి చేపపిల్లల ముద్ద కనబడితే కింద కొర్రమీను కాపలా ఉన్నట్టే. దాన్ని పడితే పిల్లలన్నీ పరకల పాలు. వదిలేయండి.

చెక్‌డ్యాం వెనక నీళ్లలో దిగేముందు ఊరి మత్స్య సంఘం వాళ్లను అడగండి. మంథని దగ్గర గోదావరిలో ఎల్‌ మడుగు వైపు పోనే వద్దు. అది మొసళ్ల అభయారణ్యం. ఇసుక తవ్విన గుంతల అంచు కాలి కింద కూలుతుంది, బొంగుతో పొడిచి చూశాకే అడుగేయండి.

నీటి అంచున ఒక పుల్ల గుచ్చి కూర్చోండి. వాన లేకుండానే పుల్ల వేలెడు మునిగిందంటే పైన గేట్లు ఎత్తి ఉండొచ్చు. సామాను వదిలేసి ఒడ్డెక్కండి.

వచ్చే పాఠం: ఎర్రలు, పిండి ముద్ద.