ఆన్‌లైన్ పోకర్ గదుల రేక్‌ను లెక్కగట్టి పోల్చుకోవడం ఎలా

ఐదు శాతమని రాసుకున్న రెండు ఆన్‌లైన్ పోకర్ గదులు ఒకే ఆటగాడి దగ్గర, ఒకే నెలలో, వేర్వేరు మొత్తాలు వసూలు చేస్తాయి. ఆ తేడా ఒక్కోసారి రెట్టింపు దాకా పోతుంది. రేక్ అనే గది రుసుములో శాతం పైకి కనిపించే అంకె మాత్రమే. ఎంత పెద్ద పాట్ (అందరి పందేలు చేరిన కుప్ప) దగ్గర కోత ఆగిపోతుంది, ఏ హ్యాండ్లలో (ముక్కలు పంచి ఆడే ఒక్కో ఆటలో) అసలు కోతే ఉండదు, కోసినదానిలో ఎంత తిరిగి వస్తుంది, ఆ తిరిగివచ్చేదాన్ని ఎవరి ఖాతాలో ఎలా లెక్కవేస్తారు అన్న నాలుగు సంగతులు కలిస్తేనే అసలు ధర తేలుతుంది.

ఈ లెక్క ఎవరికి పనికొస్తుందో ముందే చెప్పుకోవాలి. తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆ నిషేధాన్ని దేశమంతటికీ విస్తరించింది. కాబట్టి ఇది న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మిషిగన్, నెవాడా వంటి అమెరికా రాష్ట్రాల్లోను, బ్రిటన్‌లోను, కెనడాలోని ఒంటారియోలోను ఉంటూ అక్కడి ప్రభుత్వ లైసెన్సు పొందిన గదుల్లో ఆడుకునే తెలుగువారికి ఉద్దేశించినది. మనవాళ్లు వేలాదిగా ఉన్న టెక్సస్, కాలిఫోర్నియాల్లో ఇటువంటి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు లేదు. అక్కడ తెరమీద కనిపించే గది ఎంత చౌకైనా ఈ పోలికలోకి రాదు.

రేక్ ఎలా తెగుతుంది

ఊళ్లో పేకాట శిబిరం నడిపేవాడు ప్రతి ఆటకూ తన కమీషన్ తీసినట్టే, నగదు ఆటలో గది ప్రతి పాట్ నుంచి కొంత భాగం తీసుకుంటుంది. దానినే రేక్ అంటారు. దానికి ఒక శాతమూ, ఆ శాతం ఎంత పెరిగినా దాటకూడని ఒక పరిమితీ ఉంటాయి; ఆ పరిమితిని ఆటగాళ్లు క్యాప్ అంటారు. బల్ల దగ్గర ఎందరున్నారన్నదాన్ని బట్టి క్యాప్ మారుతుంది: ఇద్దరే ఆడుతుంటే తక్కువ, ఐదుగురూ ఆపైన ఉంటే ఎక్కువ. ఫ్లాప్ (బల్ల మధ్య అందరికీ ఉమ్మడిగా పరిచే మొదటి మూడు ముక్కలు) పడకముందే ఒక్కరు తప్ప అందరూ ముక్కలు పడేస్తే చాలా గదులు ఏమీ తీసుకోవు. అయితే ఫ్లాప్‌కు ముందే పందెం మీద పందెం పెరిగిన పాట్లలో కోత వేసే గదులూ ఉన్నాయి గనుక ఆ నిబంధనను వెతికి చదవాలి. ఎదుటివాడు కట్టలేక మీకు తిరిగివచ్చిన పందెం మీద రేక్ వేయకూడదు. మీరు 50 డాలర్లు వేయగా అతని దగ్గర పదే ఉంటే, మిగిలిన 40 పాట్‌లో భాగం కాదు.

రేక్ గెలిచినవాడి కుప్పలోంచి తెగుతుంది కాబట్టి ఓడినవాడికి దానితో పని లేదనిపిస్తుంది. అది భ్రమ. ఓడిన హ్యాండ్‌లో మీరు వేసిన సొమ్ములోంచి కూడా గది తన వంతు తీసుకుంది. ఆ సొమ్ము ఎదుటివాడి చేతికి పూర్తిగా చేరి ఉంటే తర్వాతి హ్యాండ్‌లో దాన్ని గెలుచుకునే వీలు మీకుండేది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు, బల్ల దగ్గర కూర్చున్న అందరూ తమ పందేల మేరకు ఈ రుసుము మోస్తున్నట్టే లెక్క.

క్యాప్‌ను డాలర్లలో చదివి మోసపోకూడదు, బిగ్ బ్లైండ్లలో చదవాలి. ప్రతి హ్యాండ్ మొదట్లో ఇద్దరు తప్పనిసరిగా వేసే పందేలే బ్లైండ్లు; చిన్నది స్మాల్ బ్లైండ్, పెద్దది బిగ్ బ్లైండ్. అర డాలరు, ఒక డాలరు బ్లైండ్ల ఆటలో 3 డాలర్ల క్యాప్ అంటే మూడు బిగ్ బ్లైండ్లు. అదే 3 డాలర్లు ఐదు, పది డాలర్ల బ్లైండ్ల ఆటలో ఒక బిగ్ బ్లైండ్‌లో పదింట మూడు వంతులే. చిన్న పందేల ఆట చౌక అనుకుని దిగేవారు ఆట పరిమాణంతో పోలిస్తే అన్నిటికంటే ఖరీదైన రుసుము కడుతున్నారని గ్రహించరు.

ఒక పోలిక

అర డాలరు, ఒక డాలరు బ్లైండ్లతో ఆరుగురు ఆడే బల్లను తీసుకుందాం. అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి. మొదటి గది 5 శాతం తీసుకుంటుంది, క్యాప్ 3 డాలర్లు. రెండో గది 6 శాతం తీసుకుంటుంది, కానీ క్యాప్ 2 డాలర్లే. పాట్ 20 డాలర్లయితే మొదటి గదిలో 1 డాలరు, రెండో దానిలో 1.20 తెగుతుంది. 40 డాలర్ల దగ్గర రెండూ 2 డాలర్లతో సమానమవుతాయి. 100 డాలర్ల పాట్‌లో మొదటిది 3 తీసుకుంటే రెండోది 2 దగ్గరే ఆగుతుంది. పెద్ద పాట్లే జ్ఞాపకం ఉంటాయి కనుక, తక్కువ క్యాప్ ఉన్న గదే మేలని ఎవరికైనా అనిపిస్తుంది.

ఇప్పుడు వంద హ్యాండ్లు చూద్దాం. 40 హ్యాండ్లు ఫ్లాప్ లేకుండా ముగిశాయి. 45 పాట్లు తలా 12 డాలర్లు, 10 పాట్లు తలా 30 డాలర్లు, 5 పాట్లు తలా 100 డాలర్లు. మొదటి గది తీసుకున్నది 27, 15, 15 కలిపి 57 డాలర్లు. రెండో గది తీసుకున్నది 32.40, 18, 10 కలిపి 60.40 డాలర్లు. చిన్న పాట్లు అంత ఎక్కువగా ఉండటంతో తక్కువ క్యాప్ ఇచ్చిన ఊరట అంతా వాటిలోనే కరిగిపోయింది. ఆరుగురికి పంచితే మొదటి గదిలో మనిషికి వంద హ్యాండ్లకు 9.5 బిగ్ బ్లైండ్లు, రెండో దానిలో 10కి కాస్త పైన. వంద హ్యాండ్లకు ఎన్ని బిగ్ బ్లైండ్లు అన్న ఈ కొలమానమే గదులను పోల్చడానికి సరైన తూకం, ఎందుకంటే ఆటగాళ్లు తమ గెలుపు రేటును కూడా దీనిలోనే చెప్పుకుంటారు. రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఇదే మొదటి గది ఫ్లాప్ పడని పాట్లలో కూడా 5 శాతం వేస్తుందనుకోండి. ఆ 40 పాట్లు సగటున 3 డాలర్లే అయినా మరో 6 డాలర్లు పోతాయి, అంటే మనిషికి వంద హ్యాండ్లకు ఇంకొక బిగ్ బ్లైండ్. నిబంధనల పేజీలో ఒక్క వాక్యం ఖరీదు అది.

తిరిగివచ్చే సొమ్ము

కట్టిన రేక్‌లో కొంత ఆటగాడికి వెనక్కి ఇవ్వడాన్ని రేక్‌బ్యాక్ అంటారు. పై ఉదాహరణలో మొదటి గది 15 శాతం, రెండోది 30 శాతం తిరిగి ఇస్తే నికర రుసుము వరుసగా 8.1, 7 బిగ్ బ్లైండ్ల చుట్టూ తేలి, చౌక గది ఏదన్న జవాబే తారుమారవుతుంది. అయితే ఎవరు ఎంత రేక్ కట్టినట్టని గది ఎలా నిర్ణయిస్తుందో చూడకుండా ఆ శాతాన్ని నమ్మకూడదు. 40 డాలర్ల పాట్ నుంచి 2 డాలర్లు తెగాయనుకుందాం. ఇద్దరు తలా 19.50 వేశారు, బిగ్ బ్లైండ్ స్థానంలో ఉన్నవాడు తన ఒక డాలరు వేసి తప్పుకున్నాడు, తక్కిన ముగ్గురూ ఏమీ వేయలేదు. ముక్కలు అందుకున్న అందరికీ సమానంగా రాసే పాత పద్ధతిలో ప్రతివాడికీ 33 సెంట్లు. డబ్బు వేసినవారికే సమానంగా పంచితే ముగ్గురికీ తలా 67 సెంట్లు. ఎంత వేశారో ఆ నిష్పత్తిలో పంచితే ఆ ఇద్దరికీ తలా 97.5 సెంట్లు, బిగ్ బ్లైండ్‌కు 5 సెంట్లు. ముక్కలు ఎంచి ఎంచి ఆడే జాగ్రత్తపరుడికి మొదటి పద్ధతి వరం. మూడోది అతని రేక్‌బ్యాక్‌ను బాగా తగ్గిస్తుంది, కాని న్యాయంగా చెప్పాలంటే నిజానికి దగ్గరగా ఉన్నదీ అదే.

చేరినప్పుడు ఇచ్చే బోనస్‌ను కూడా రేక్‌బ్యాక్‌గా మార్చి చూసుకోవాలి. 600 డాలర్ల బోనస్, ప్రతి 50 డాలర్ల రేక్‌కు 10 డాలర్ల చొప్పున విడుదల, గడువు 60 రోజులు అని ఉంటే అది గడువులోపు మాత్రమే పనిచేసే 20 శాతం రేక్‌బ్యాక్. మొత్తం రాబట్టాలంటే 3,000 డాలర్ల రేక్ కట్టాలి. వంద హ్యాండ్లకు 9.50 చొప్పున అది సుమారు 31,600 హ్యాండ్లు, అంటే రోజుకు 525కు పైన. సాయంత్రం ఒక గంట ఒకే బల్ల దగ్గర ఆడేవాడికి దానిలో చిన్న ముక్కే దక్కుతుంది కాబట్టి పోలికలో కూడా ఆ ముక్కనే వేసుకోవాలి.

పాయింట్లు, హోదాల పేరిట ఇచ్చే ప్రతిఫలాలు గది ఇష్టం మీద ఆధారపడినవి. పోకర్‌స్టార్స్ సంస్థ ఏడాదికి పది లక్షల పాయింట్లు గడించినవారికి ఇచ్చే సూపర్‌నోవా ఎలీట్ హోదా ప్రయోజనాలను 2016 నుంచి తగ్గిస్తున్నట్టు 2015 చివర్లో ప్రకటించినప్పుడు, మరుసటి ఏడాది ఫలం కోసం అప్పటికే నెలల తరబడి ఆడినవారు బల్లల దగ్గర కూర్చోకుండా నిరసన తెలిపారు. వచ్చే ఏడాది ఇస్తామన్న లాభాన్ని నేను పోలికలో సున్నాగానే రాసుకుంటాను.

టోర్నమెంట్లు

టోర్నమెంట్ రుసుము ముందే చెల్లిస్తాం కనుక లెక్క తేలిక, కానీ శాతం దేని మీద అన్నది చూసుకోవాలి. 100 బహుమతి నిధికి, 10 గదికి అంటే నిధి మీద 10 శాతం. మీ జేబులోంచి పోయిన 110 మీద 9.1 శాతం. ఒక గది ఒకలా, ఇంకో గది మరోలా చెబుతుంది కాబట్టి రెండిటినీ మొత్తం చెల్లింపు మీదే లెక్కగట్టాలి. పోలికకు ఒక గుర్తు: లాస్ వేగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో 2023లో 10,043 మంది తలా 10,000 డాలర్లు కట్టగా బహుమతి నిధికి 9,33,99,900 డాలర్లు చేరాయి, అంటే ఒక్కొక్కరి నుంచి 9,300. భవనాలు, వేలమంది సిబ్బంది ఉన్న ఆ పోటీలోనే 7 శాతం పట్టుకుంటే, కంప్యూటరు పంచే ముక్కలకు 9, 10 శాతం అడిగే గదిని ఆ మాట అడగాలనే అనిపిస్తుంది, అయితే చిన్న పోటీల్లో శాతం ఎక్కువగా ఉండటం పరిపాటి.

ఓడి మళ్లీ చేరిన ప్రతిసారీ రుసుము మళ్లీ పడుతుందా అన్నది అడగండి. ముగ్గురు ఆడి, బహుమతిని యంత్రం తిప్పి తేల్చే లాటరీ తరహా పోటీల్లో రుసుము ఎక్కడా విడిగా కనిపించదు. ఏ గుణకం (ప్రవేశానికి ఎన్ని రెట్లు బహుమతి) ఎన్నిసార్లు వస్తుందో చెప్పే పట్టిక నుంచి సగటు బహుమతి కట్టుకోవాలి. ముగ్గురి మూడు ప్రవేశాలకు సగటున 2.79 ప్రవేశాలంత బహుమతి వస్తుంటే గది వాటా 7 శాతం. మరోవైపు, బహుమతి నిధి 10,000 డాలర్లకు తగ్గదని హామీ ఉన్న పోటీకి తలా 100, పైన 10 రుసుము కట్టి 80 మందే వస్తే గది 2,000 తన చేతి నుంచి వేయాలి. వసూలైన రుసుము 800 కనుక ఆ రోజు ఆటగాళ్లకే 1,200 లాభం. జనం పలచగా వచ్చే వేళలు చూసి హామీ పోటీల్లో చేరడం నాకు తెలిసిన ఏ రేక్‌బ్యాక్ కన్నా మంచి బేరం.

రేక్ అనే పేరు లేని ఖర్చులు కొన్ని ఉంటాయి: జాక్‌పాట్ నిధికి ప్రతి పాట్ నుంచి తీసే సెంట్లు, ఉన్నదంతా పందెం వేశాక, ఫలితం తేలకముందే గెలుపు అవకాశాన్ని గదికి అమ్ముకుంటే పడే 1 శాతం, కరెన్సీ మార్పిడి, సొమ్ము బయటికి తీసే రుసుము, నెలల తరబడి ఆడకపోతే పడే కోత. పేరు లేని ఖర్చే అన్నిటినీ మింగగలదనడానికి నిషేధానికి ముందు మన దేశమే సాక్ష్యం. 2023 అక్టోబరు 1 నుంచి జమ చేసిన మొత్తం మీదే 28 శాతం జీఎస్టీ వచ్చాక, 100 రూపాయల జమలో దాదాపు 22 పన్నుకే పోయేవి, దాని ముందు 5 శాతం రేక్ ఏపాటి?

మీ సొంత హ్యాండ్లతో

చివరి పోలిక మీ ఆటతోనే చేయాలి. ప్రతి హ్యాండ్ చరిత్రలోనూ మొత్తం పాట్ ఎంత, రేక్ ఎంత అని ఒక వరుస ఉంటుంది. పోకర్‌ట్రాకర్, హోల్డెమ్ మేనేజర్ వంటి సాఫ్ట్‌వేర్‌ను గది అనుమతిస్తే అవే కూడి చూపుతాయి. గెలుపు రేటు తేలడానికి లక్ష హ్యాండ్లు కూడా చాలవు గాని, రేక్ సగటు కొన్ని వేల హ్యాండ్లకే నిలకడకు వస్తుంది. ఆ పాట్ల జాబితాను ఎక్సెల్‌లో పెట్టి, ఫ్లాప్ పడినవాటికి రెండో గది శాతం వేసి, క్యాప్ దాటినచోట క్యాప్ రాసి, ప్రతి పాట్‌లో మీరు వేసిన నిష్పత్తితో గుణించి కూడితే, అవే హ్యాండ్లు అక్కడ ఆడి ఉంటే మీ ఖర్చెంతో వస్తుంది. రేక్‌బ్యాక్ తీసివేసి, వంద హ్యాండ్లకు తెచ్చి, పక్కన తేదీ వేసుకోండి. గదులు ఈ పట్టికలను ముందుగా చాటింపు వేయకుండానే మారుస్తుంటాయి.

తేడా అర బిగ్ బ్లైండ్ లోపు ఉంటే గది మారడం దండగ, ఎదుట కూర్చునే ఆటగాళ్ల స్థాయి దానికంటే ఎన్నో రెట్లు ముఖ్యం. రెండు, మూడు బిగ్ బ్లైండ్లయితే మారాల్సిందే, లేదా ఆడే తీరు మార్చుకోవాలి: ఫ్లాప్ లేకుంటే రేక్ లేని గదిలో, స్మాల్ బ్లైండ్ నుంచి అంతంతమాత్రపు ముక్కలతో పందెం కట్టి ఫ్లాప్ చూడటంకన్నా, తిరిగి పెంచడమో పడేయడమో లాభం.

డబ్బు వేసే ముందు లైసెన్సునూ చూడాలి. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం పెద్ద గదుల మీద చర్య తీసుకున్నాక, వాటిలో ఒకటైన ఫుల్ టిల్ట్ ఆటగాళ్ల సొమ్ము విడిగా భద్రపరచలేదని బయటపడింది. అమెరికా ఆటగాళ్లకు తిరిగి చెల్లింపులు మొదలయ్యేసరికి 2014 వచ్చింది. బ్రిటన్‌లో లైసెన్సు ఉన్న ప్రతి గదీ ఆటగాళ్ల నిధులకు తానిచ్చే రక్షణ ఏ స్థాయిదో, అసలు లేదా, మధ్యస్థమా, అధికమా అన్నది నిబంధనల్లో చెప్పి తీరాలి. పోలిక పట్టికలో రేక్ పక్కనే ఆ మాటకూ ఒక గడి ఉంచుకుని, మొదటిసారి జమ చేసినప్పుడు చిన్న మొత్తమే వేసి, దానిలో కొంత వారంలోపే బయటికి తీసి చూడండి. ఎన్ని రోజులు పట్టిందో, ఎంత తెగిందో ఆ గడిలోనే రాసుకోవచ్చు.