పోయిన విమానం కోసం లోతు సముద్రంలోకి: బయల్దేరే ముందు

పోయిన నెల మా వీధి కుర్రాళ్ళు నలుగురు ల్యాప్‌టాప్ పట్టుకుని బరంపురంలో మా ఇంటి అరుగు మీద కూర్చున్నారు. "బాబాయ్, రంగం సముద్రంలో పోయిన విమానం ఒకటుంది. వెతకడానికి డబ్బు పెట్టేవాడు దొరికాడు, ఓడ కూడా మాట్లాడాం. దసరా వెళ్ళగానే బయల్దేరతాం" అన్నారు. దసరా అన్న మాట విని టీ గ్లాసు కింద పెట్టేశాను. నేను గోపాల్‌పూర్‌లో తెప్పల మధ్య పెరిగి, తర్వాత సర్వే ఓడల్లో, శబ్దం పంపి సముద్రం అడుగుని చూపించే సోనార్ తెర ముందు పద్దెనిమిదేళ్ళు కూర్చున్నవాణ్ణి. ఆ సాయంత్రం వాళ్ళకి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పనికి దిగేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చూసుకుంటారని.

రంగం అంటే రంగూన్. మా తాతల కాలంలో గోపాల్‌పూర్ రేవులో స్టీమర్ ఎక్కి కూలికి పోయినవాళ్ళ నోట ఆ ఊరి పేరు అలాగే ఉండిపోయింది. కుర్రాళ్ళ కన్ను పడింది లేడీ సదరన్ క్రాస్ అనే విమానం మీద. 1928లో వేరే విమానంలో అమెరికా నుంచి ఆస్ట్రేలియాకి పసిఫిక్ దాటిన పైలట్ చార్లెస్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్‌ది అది. 1935 నవంబర్ 8న, అలహాబాద్ నుంచి సింగపూర్ పోయే దారిలో, ఆయనతో, తోటి పైలట్‌తో సహా మాయమైంది. ఏడాదిన్నర తర్వాత, 1937లో, బర్మా తీరానికి దగ్గర్లో ఉన్న ఒక చిన్న దీవి ఒడ్డుకి దాని చక్రం, చక్రాన్ని పట్టి ఉంచే కాలు కొట్టుకొచ్చాయి. టైర్లో గాలి అలాగే ఉంది.

మావాళ్ళు మ్యాప్ మీద చుక్క పెట్టింది సరిగ్గా ఆ దీవి పక్కనే. మొదటి తప్పు అదే. గాలి ఉన్న టైరు మునగదు, తేలుతుంది. ఈ సముద్రంలో ప్రవాహం ఋతుపవనాలతో పాటు దిశ మార్చుకుంటుంది. చక్రం ఆ పక్కనే ఊడిపడిందో, ఏడాదిన్నర అటూ ఇటూ తిరిగి ఒడ్డెక్కిందో చక్రాన్ని చూసి చెప్పలేం. విమానం దీవి దగ్గరే పడి ఉంటే అక్కడి నీళ్ళు పెద్ద లోతు కాదు. అండమాన్ సముద్రం నడుమ పడి ఉంటే రెండు మూడు వేల మీటర్ల లోతు. ఆ రెంటికీ సామాను వేరు, ఖర్చు వేరు. ఇది తేల్చుకోకుండా ఓడ మాట్లాడటం పెళ్ళికూతుర్ని చూడకుండా శుభలేఖలు అచ్చేయించడం లాంటిది.

ఏ గడియారం, ఏ మైలు

పాత పత్రికల్లో, టెలిగ్రాముల్లో కనిపించే ప్రతి టైమ్ పక్కనా అది ఏ ఊరి టైమో రాసుకోండి. ఆ రోజుల్లో కలకత్తాకి సొంత టైమ్ ఉండేది, ఇండియన్ స్టాండర్డ్ టైమ్ కన్నా 23 నిమిషాలు ముందు. రంగూన్ టైమ్ వేరు, గ్రీన్‌విచ్ టైమ్ వేరు. గంటకి 300 కిలోమీటర్లు పోయే విమానం 23 నిమిషాల్లో 115 కిలోమీటర్లు పోతుంది. గడియారం ఒక్కటి తప్పు పట్టుకుంటే వెతుకులాట వంద కిలోమీటర్లకి పైగా పక్కకి జరిగిపోతుంది.

మైలు సంగతీ అంతే. నేల మీద మైలు 1,609 మీటర్లు, సముద్రం మైలు 1,852 మీటర్లు. పాత కాగితంలో ఒట్టి 'మైళ్ళు' అని ఉంటే, వెయ్యి మైళ్ళ దగ్గర తేడా 243 కిలోమీటర్లు. ప్రపంచం చుట్టి వస్తూ పసిఫిక్‌లో మాయమైన అమెరికా పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్ కథలోనూ గడియారాల తలనొప్పే. 1937 జులై 2న ఆమె గ్రీన్‌విచ్ టైమ్ లెక్కన ఎగురుతోంది. కింద కాచుకుని ఉన్న ఇటాస్కా ఓడ గడియారం దానికి నిండు గంటల్లో కాదు, పదకొండున్నర గంటల తేడాతో ఉంది.

చుక్క పెట్టాక దాని చుట్టూ గడులు గీసి, ఏ గడిలో ఎంత అవకాశమో అంకె వేయండి. ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే డబ్బంతా మునిగేది ఇక్కడే. 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో పడిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం కోసం మొదట బ్లాక్ బాక్సుల చప్పుడు వినపడుతుందేమోనని చెవి పెట్టారు. ఏమీ వినపడలేదు కాబట్టి దగ్గర గడులు ఖాళీ అనుకుని దూరం పోయారు. రెండేళ్ళకి లెక్క మళ్ళీ వేసినవాళ్ళు, అసలు ఆ చప్పుడు చేసే పరికరాలే పాడైతే ఏంటి అని అడిగారు. కొట్టేసిన గడులు మళ్ళీ తెరిచారు. 2011 ఏప్రిల్‌లో, వెతకడం మొదలెట్టిన వారంలోనే దొరికింది. చివరిసారి తెలిసిన చోటికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, దాదాపు 3,900 మీటర్ల లోతులో. అందుకని మీ పుస్తకంలో 'వెతికేశాం' అని రాయకండి. ఏ పరికరంతో, ఎంత ఎత్తు నుంచి, ఏ రోజు వెతికారో రాయండి. పాత విమానానికి చప్పుడు చేసే పెట్టె కూడా ఉండదు, కనపడితే ఆకారమే కనపడాలి.

దసరా వద్దన్నది ఇందుకు

2013లో ఫైలిన్ అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, సరిగ్గా దసరా రోజుల్లో. మరుసటేడు అదే తారీకున హుద్‌హుద్ విశాఖని కొట్టింది. 2018లో తిత్లీ అక్టోబర్ 11న పలాస వైపు వచ్చింది. మా గంజాం జిల్లాలో అక్టోబర్ అంటే ఇంటి రేకులకి తాడు బిగించే నెల. తుఫాన్ల భయం డిసెంబర్ దాకా ఉంటుంది, మళ్ళీ ఏప్రిల్ నుంచి మొదలు. జనవరి నుంచి మార్చి దాకా పెట్టుకోండి. ఆ మూడు నెలల్లో కూడా నాలుగో వంతు రోజులు అలలకి పోతాయనుకునే లెక్క వేసుకోండి. ఓడ ఊరికే నిలబడ్డ రోజుకి కిరాయి ఎవరిదో ఒప్పందంలో ముందే రాయించాలి. ప్రమాదమంతా పరికరం అడుగున ఉన్నప్పుడు కాదు, డెక్కు మీదకి ఎత్తేటప్పుడు. టన్ను బరువు తాడుకి వేలాడుతూ ఊగుతుంటే మనిషి ఎముక ఎంత?

ముందు ఇంటి దగ్గర పరీక్ష

సామాను మొదటిసారి నడిసముద్రంలో విప్పొద్దు. గోపాల్‌పూర్ బయట రెండు రోజులు తిప్పి చూడండి. దానికీ షరతులున్నాయి. రుషికుల్య మొగ దగ్గర తాబేళ్ళ కోసం నవంబర్ 1 నుంచి మే 31 వరకు తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా చేపల వేట నిషేధం. మీరు చేపలు పట్టకపోయినా, వెనక తాడు లాగుతూ పోయే పడవని చూస్తే కాపలా బోటు ఆపుతుంది. గోపాల్‌పూర్ దగ్గరే సైన్యం ఫైరింగ్ రేంజ్ ఉంది, కాల్పుల రోజులు ముందే కనుక్కోండి.

ఒడియావాళ్ళు నోలియాలనే మన తెలుగు జాలర్ల దగ్గరికి వెళ్ళి కూర్చోండి. వల ఎక్కడ తగులుకుంటుందో వాళ్ళకి తెలుసు. తగులుకున్న ప్రతి చోటా అడుగున రాయో ఇనుమో ఏదో ఉంటుంది. అక్కడ మీ సోనార్ ఏం చూపిస్తుందో చూస్తే తెర చదవడం వస్తుంది. వల లైన్లు ఎటు పోతున్నాయో కూడా అడగండి. ఒకసారి మేం లాగుతున్న పరికరం రెక్కల్లోకి నైలాన్ వల చుట్టుకుపోయి, విప్పడానికి ఒక పగలంతా పట్టింది. ఆ వల ఎవరిదో అతనికి కట్టిన నష్టం మా రోజు భత్యం కన్నా ఎక్కువ.

తెర మీద కనపడినదల్లా విమానం కాదు

శబ్దం నీళ్ళలో సెకనుకి దాదాపు 1,500 మీటర్లు పోతుంది. ఓడ మీద నుంచి పంపితే 5,000 మీటర్ల అడుగుకి పోయి రావడానికి ఆరేడు సెకన్లు. అందుకే పరికరాన్ని అడుగు దాకా దింపుతారు. తీగ కట్టి లాగితే లోతుకి రెండు మూడింతల తీగ కావాలి, నడక వేగం మించి పోలేరు, ఒక్క మలుపుకి పూట పడుతుంది. తనంతట తాను తిరిగే యంత్రమైతే సుఖం, కిరాయి మాత్రం కళ్ళు తిరుగుతాయి. అడుగున ఒత్తిడి ఎంతో కుర్రాళ్ళకి చూపించడానికి బీరువాలోంచి నా థర్మోకోల్ కప్పు తీశాను. ఒకప్పుడు టీ కప్పు. నాలుగు వేల మీటర్లు దిగి వచ్చాక బొటనవేలంత అయింది, దాని మీద పెన్నుతో రాసిన మా అమ్మాయి పేరు ఇప్పుడు చీమ తలంత.

రెక్కల కోసం చూడొద్దు, ఇంజన్ కోసం చూడండి. పలచటి అల్యూమినియాన్ని ఉప్పునీళ్ళు తినేస్తాయి, ఇంజన్ ముద్ద నిలుస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర తెచ్చే ఒండ్రు బంగాళాఖాతం అడుగంతా పరుచుకుని ఉంది, సగం కూరుకుపోయిన దానికి ఆకారం ఏముంటుంది?

ఒక రాత్రి రెండున్నరకి నా తెర మీద నిలువు, అడ్డం, చివర చిన్న తోక కనపడ్డాయి. ఓడంతా లేచింది. వంటమనిషి ఉప్మా కూడా చేశాడు. తెల్లారాక అడ్డదిశలో ఇంకోసారి పోయాం. నీడ పక్కకి జరిగింది, తోక మాయమైంది. రెండు రాతి గట్లు. అందుకే ఏ గుర్తునైనా కనీసం రెండు దిక్కుల నుంచి చూడండి, చివరికి కెమెరా దింపండి. ఇయర్‌హార్ట్ విమానం దొరికినట్టుందంటూ 2024 జనవరిలో డీప్ సీ విజన్ అనే కంపెనీ వాళ్ళు విడుదల చేసిన సోనార్ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. ఆ బొమ్మ డేటాలో కనపడేసరికి వెనక్కి పోయి చూసే వీల్లేకపోయింది. నవంబర్‌లో మళ్ళీ వెళ్ళి దగ్గర నుంచి చూస్తే రాళ్ళు. డేటాని ఏ వాచ్‌కి ఆ వాచ్, అంటే ఏ డ్యూటీ వంతుకి ఆ వంతు చూడాలి, తిరుగు ప్రయాణానికి దాచొద్దు. కెమెరా చూసేదాకా ఇంటికి ఫోన్ చేయొద్దు.

ఫోన్ అంటే గుర్తొచ్చింది. అనుమతి లేకుండా తురాయా, ఇరిడియం లాంటి శాటిలైట్ ఫోన్లు సంచిలో పెట్టుకుంటే మన దేశంలో కేసవుతుంది. బర్మా సముద్రంలో వెతకాలంటే ఆ దేశం అనుమతి వేరే కావాలి. దొరికినది యుద్ధ విమానమైతే చేయి వేయకండి. బ్రిటన్ వాటిని 1986 చట్టంతో కాపాడుకుంటోంది, అమెరికాకీ 2004 నుంచి అలాంటి చట్టముంది. ఫోటో తీసి పైకి రావాలి. లోపల మనుషులు ఉండి ఉంటారని మర్చిపోవద్దు. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ పోతూ 29 మందితో మాయమైన వైమానిక దళ విమానం ఏఎన్-32లో ఎనిమిది మంది విశాఖ ఆయుధ డిపో ఉద్యోగులు. 2024 జనవరిలో 3,400 మీటర్ల లోతులో శకలాలు కనపడేదాకా, ఏడున్నరేళ్ళు ఆ ఇళ్ళు ఎలా గడిపాయో మన వైపు వాళ్ళకి తెలియంది కాదు. మాట బయటికి వదిలేముందు ఆ గడప ఒకటి ఉందనుకోండి.

ఇక చిన్నవి. పంటి డాక్టర్ దగ్గరికి ముందే వెళ్ళండి. రేవుకి మూడు రోజుల దూరంలో పన్ను సలిపితే ఓడే వెనక్కి తిరగాలి. ఎప్పుడూ వేసుకునే మందులు రెట్టింపు తీసుకెళ్ళండి. యంత్రాల లిథియం బ్యాటరీలు పడుకునే గదుల కింద పెట్టనివ్వొద్దు. గడుల మ్యాప్ కాపీ ఒకటి ఒడ్డున నమ్మకస్తుల దగ్గర ఉంచండి.

కుర్రాళ్ళు బయల్దేరే తారీకు జనవరికి మార్చుకున్నారు. ఒకడి పన్నుకి సిమెంట్ కూడా అయింది. పాత కత్తిరింపుల్లో వాళ్ళు పట్టుకున్న టైమ్ కలకత్తాదా, రంగూన్‌దా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. అది తేలేదాకా ఓడకి అడ్వాన్స్ ఇవ్వొద్దన్నాను.